మోదుగాకులో పారణ

తెల్లవారుజామున పొయ్యి ముట్టించకముందే తులసీబాయి గవ్వలు పరిచేది. స్నానం చేసి, తడిచీర కట్టుకుని, నడవలో పీట వేసుకుని, సున్నంతో గీసిన గళ్ళలో గవ్వలు వరుసగా పేర్చి లెక్కకు కూర్చునేది. ఒక గవ్వ ఎడమకు జరిగితే చంద్రుడు ఒక ఘడియ వెనక్కి పోయేవాడు. ఇంకో గవ్వ పైగడిలోకి ఎక్కితే అమావాస్య వచ్చి కూర్చునేది. వీధిలో పాలమనిషి కేక పెట్టే వేళకు ఒక వారం తిథులు తేల్చి, కాగితం మీద రాసి, గవ్వలు గుడ్డసంచిలో కట్టేసి, అప్పుడు వంటింట్లోకి పోయేది.

ఆదోనిలో, ఎమ్మిగనూరు రోడ్డు మొదట్లో వాళ్ళ ఇల్లు. ఏటా ఉగాదికి ఆ ఇంటినుంచి సేతుమాధవ పంచాంగం వెలువడేది. ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు చుట్టుపక్కల మాధ్వ బ్రాహ్మణుల ఇళ్ళలో దూలానికి వేలాడేది అదే. తద్దినం ఎప్పుడు, ఏకాదశి ఎప్పుడు, పిల్లకు పుట్టువెంట్రుకలు ఎప్పుడు తీయించాలి, అన్నీ అందులో చూసే చేసేవాళ్ళు.

పంచాంగం మొదలుపెట్టింది ఆమె మామ సేతుమాధవరావు. గవ్వలు ఆయనవే. కొడుకు నరహరికి లెక్క నేర్పాలని ఆయన చాలా ఏళ్ళు చూశాడు. నరహరికి మూడో వరుస దగ్గర నిద్ర వచ్చేది. వడ్డిస్తూ వడ్డిస్తూ నిలబడిపోయి గళ్ళకేసి చూసే కోడలికి మాత్రం నిద్ర వచ్చేది కాదు. ఆయన గొణుక్కుంటూనే ఆమెకు నేర్పాడు. ఆయన పోయి పదకొండేళ్ళు. పదకొండు పంచాంగాలు ఆమె చేతి మీదుగానే పోయాయి. అట్ట మీద మాత్రం 'గణితం: శ్రీ నరహరాచార్యులు' అని ఉండేది. ఉగాది పొద్దున గంధం పూసుకుని, జరీ ఉత్తరీయం వేసుకుని, ఇంటింటికీ పోయి పంచాంగం చదివి శాలువాలు కప్పించుకుని వచ్చేది ఆయన. ఆ శాలువాలు ఉతికి మడతపెట్టేది ఆమె.

ఆమెకు కోపం రాలేదా అని మీరు అడగొచ్చు. వచ్చింది. ప్రతి ఉగాదికీ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆ ఊళ్ళో ఏ ఆడమనిషికైనా ఏం చెప్తారో ఆమెకూ అదే చెప్పారు. అడివికి పోయి దించుకొని రాపో అన్నారు.

ఊరు దాటి మైలు దూరం పోతే దుబ్బగుట్ట. రెండు బండరాళ్ళ గుట్టల మధ్య చిట్టడవి. చండ్ర, రేల, బలుసు, సీతాఫలం, ఎక్కువగా మోదుగ. ఊరి ఆడవాళ్ళు కోపం దించుకునేది అక్కడే. ఇంటికి కొత్తకోడలు వచ్చిన ఏడాదిలోపు అత్త ఆమెను వెంటబెట్టుకుపోయి ఒక చెట్టు చూపించి, ఇదిగో ఇది నీది అని చెప్పేది. కోపం వచ్చినప్పుడు పోయి ఆ చెట్టుకు నుదురు ఆనించి నిలబడితే, నూరు లెక్కపెట్టేలోపు కోపం చెట్టులోకి దిగిపోయేది. మనిషి తేలిగ్గా ఇంటికి వచ్చేది. చెట్టు వెచ్చబడేది. మేకలు కాసే గిడ్డయ్యకు చలికాలమంతా ఆ చెట్లే గతి. పొద్దున్నే ఏదో ఒక చెట్టుకు వీపు ఆనించి కూర్చుని, ఏ ఇంట్లో ఎంత గొడవ జరిగిందో వీపుతోనే చెప్పేసేవాడు.

ఒక్కటే నియమం. కోపం దించుకునే ఆ మోదుగచెట్ల ఆకులు విస్తళ్ళు కుట్టడానికి కోయకూడదు. ఆ ఆకులో వడ్డిస్తే అన్నం కుతకుత ఉడుకుతుంది, తన చెట్టు ఆకులో తాను తింటే దించుకున్నదంతా తిరిగి తనకే ఎక్కుతుంది. అందుకని విస్తళ్ళు కుట్టేవాళ్ళు గుట్టకు అవతలి వైపు పోయి కోసుకునేవాళ్ళు.

మగవాళ్ళకు అక్కడ చెట్లు లేవు. వాళ్ళ కోపానికి ఇల్లు చాలేది. కంచం ఉంది, గోడ ఉంది, పెళ్ళాం ఉంది. ఇంకా అడివి ఎందుకు?

నిజం చెప్పాలంటే ఆ నడక మాత్రం బాగుండేది. బండిబాట దాటి కాలిదారిలో పడగానే ఊరి మిల్లుల రొద ఆగిపోయేది. ఎర్రమట్టి అరికాళ్ళకు మెత్తగా తగిలేది. బలుసు పొదల్లో పికిలిపిట్టలు కీచులాడుకునేవి, ఎక్కడో కౌజుపిట్ట కూసేది, రాలిన ఆకుల మీద తొండ పరిగెత్తితే పెద్ద జంతువేదో పోయినట్టు చప్పుడయ్యేది. అంతకుమించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. నీళ్ళు తెమ్మని, పప్పులో ఉప్పు తక్కువైందని అనేవాళ్ళు ఎవరూ ఉండేవాళ్ళు కాదు. తన మోదుగ దగ్గరికి చేరేసరికే తులసీబాయికి సగం ప్రాణం కుదుటపడేది. నుదురు ఆనించగానే మిగతా సగం. తిరిగి వచ్చేటప్పుడు కొంగులో కలివికాయలు కోసుకుని, కూనిరాగం తీస్తూ వచ్చేది. ఆ శాంతం ఎంత హాయిగా ఉండేదో అంత పనికిమాలినది. ఇంటికి రాగానే ఆమె మళ్ళీ శాలువాలు ఉతికేది.

క్రోధన నామ సంవత్సర పంచాంగానికి లెక్క కట్టిన ఏడు, మాఘమాసంలో, దామోదరం శెట్టి వాళ్ళింటికి వచ్చాడు. ఆయనకు ఆదోనిలో పత్తి వ్యాపారం. పంచాంగం అచ్చుకు కాగితం ఏటా ఆయనే ఇప్పించేవాడు. కొత్తగా మేడ కట్టాడు. వైశాఖంలో ఒక బుధవారం గృహప్రవేశం, మూడువందల మంది ఆచార్లకు సంతర్పణ.

"ముహూర్తం కుదిరింది ఆచారిగారూ. ఆ పొద్దే మీకు ఏకాదశి అని తెలిసింది. ఏకాదశి రోజు మీవాళ్ళు మెతుకు ముట్టరు కదా. ముందురోజు మంగళవారానికి జరిపితే బుధవారం ద్వాదశి అయితాది. అందరూ కడుపునిండా తింటారు."

నరహరి ఇబ్బందిగా నవ్వి, "లోపల ఒకసారి చూసి వస్తా" అని వంటింటి గడప దగ్గరికి వచ్చాడు.

తులసీబాయి అంతా విన్నది. "సోమవారం దశమి అరవైలో యాభై ఏడు ఘడియలు ఉంది" అంది. "యాభై ఆరు దాటితే అరుణోదయాన్ని తాకినట్టే. తాకితే మంగళవారం ఉపవాసం మనకు చెల్లదు. బుధవారమే ఉండాల. ఇది మీకు నేను చెప్పాల్నా?"

"రెండు ఘడియలే కదా."

"మీరు జరపమంటే గవ్వ జరుగుతుంది. దశమి జరగదు."

"సరే సరే, అరవద్దు" అని నరహరి బయటికి పోయాడు. ఆమె అరవలేదు. ఆడమనిషి కాదంటే మగవాడి చెవికి అది అరిచినట్టే వినిపిస్తుంది, ఏం చేద్దాం.

ఇరవై రోజులకు అచ్చు కాగితాలు దిద్దడానికి వచ్చాయి. వైశాఖం పేజీ తిప్పితే దశమికి ఎదురుగా యాభై ఐదు అని ఉంది. ఏకాదశి మంగళవారానికి జరిగింది. ఆమె రాసిచ్చిన కాగితంలో ఏడు మీద కొట్టేసి ఐదు వేసిన చేతిరాత ఎవరిదో ఆమెకు తెలుసు. పదిహేనేళ్ళుగా కాపురం చేస్తోంది కదా.

ఆ రోజు ఆమె నిజంగానే అరిచింది. అత్త కృష్ణాబాయి గుడికి పోయింది, ఇంట్లో ఇద్దరే. "ఊరంతటికీ ఏకాదశి రోజు అన్నం పెట్టిస్తారా? మామగారి పేరు మీద? శెట్టి మేడ కోసం?" అని అచ్చు కాగితాలు ఆయన ముందు పడేసింది.

నరహరి నింపాదిగా తాంబూలం నములుతూ, "ఎందుకంత బేజారు పడతావు? పొద్దు ఉండగానే అడివికి పోయిరా. వచ్చినాక మాట్లాడుకుందాం" అన్నాడు.

ఆమె పోయింది. అదీ ఆమె చేసిన తప్పు. ఎవరు చేసినా చేసేదే, కాపురానికి వచ్చినప్పటినుంచీ అలవాటైన దారి. మోదుగ ఆకు రాల్చి, కొమ్మకొమ్మకూ పూసి ఉంది. నుదురు ఆనించింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, అచ్చు కాగితాలు మిగతావన్నీ దిద్ది, "సరేలెండి" అని భర్త చేతికి ఇచ్చింది. యాభై ఐదును యాభై ఐదుగానే వదిలేసింది. కోపం లేని మనిషికి ఏడైతే ఏమి, ఐదైతే ఏమి? ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఉగాది పోయింది. వైశాఖం వచ్చింది. మంగళవారం ఊళ్ళో మాధ్వులంతా ఉపవాసం ఉన్నారు. కృష్ణాబాయి డెబ్బై ఏళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళుగా ఏకాదశి రోజు గుక్కెడు నీళ్ళు కూడా ముట్టకుండా ఉంటుంది. భర్త పోయాక ఆమెకు తనదంటూ మిగిలింది ఆ ఒక్క ఉపవాసమే. బుధవారం పొద్దున కోడలు వంట చేసి, అత్తకు ఆకు వేసి వడ్డించింది. కృష్ణాబాయి భగవంతుడికి దణ్ణం పెట్టుకుని పారణ చేసింది. పారణ అంటే ఉపవాసం విడిచి తినే మొదటి ముద్ద.

"నువ్వు కూర్చోవేమే?" అని అడిగింది.

"కడుపులో బాగాలేదు అత్తయ్యా."

తులసీబాయికి ఆ రోజే ఏకాదశి అని తెలుసు. తాను తినలేదు. అత్తకు మాత్రం వడ్డించింది. చెప్పాలంటే కొంచెమైనా కోపం ఉండాలి కదా, అది అడివిలో ఉంది.

శెట్టి మేడలో మూడువందల ఆకులు లేచాయి. చేతులు కడుక్కునే వేళకు ఎమ్మిగనూరు బస్సు దిగి వెంకటరామయ్య వచ్చాడు. ఎమ్మిగనూరులో పిల్లలకు చదువు చెప్పి రిటైరైన అయ్యవారు. సేతుమాధవరావుకు స్నేహితుడు. తన లెక్క తాను వేసుకునే అలవాటు ఆయనకు. బస్సు చెడిపోయి రెండు గంటలు ఆలస్యమైంది, లేకపోతే మొదటి ముద్దకు ముందే వచ్చి ఉండేవాడు.

"ఈ పొద్దు ఏకాదశి కదప్పా. అన్నం ఎట్లా తిన్నారు?" అన్నాడు, గుమ్మంలో నిలబడి.

ఆ మాటతో మేడంతా గగ్గోలు. పంచాంగాలు తెప్పించారు. మఠం పంచాంగం తెప్పించారు. అందులో యాభై ఏడు. సేతుమాధవ పంచాంగంలో యాభై ఐదు. ముసలివాళ్ళు కొందరు అక్కడే నోట్లో వేళ్ళు పెట్టుకుని కక్కుకోవాలని చూశారు. అందరూ నరహరి చుట్టూ చేరారు. పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి నరహరి అప్పుడు చెప్పాడు.

"లెక్క నేను వేయలేదు. మా ఇంట్లో ఆడమనిషి వేసింది. తప్పు ఆమెదే."

పేరు వేసుకోవడానికి పదకొండేళ్ళు ఆమె గుర్తురాలేదు. తప్పు వేయడానికి రెప్పపాటులో గుర్తొచ్చింది.

మరునాడు పొద్దున తొమ్మిదింటికి సత్రంలో సభ అని పెద్దలు తీర్మానించారు. సంగతి అప్పటికే వీధులన్నీ తిరిగి ఇంటికి చేరింది. పొద్దుగూకే వేళకు నరహరి ఇంటికి వచ్చి, చెప్పులు విడుస్తూనే భార్యకు చెప్పాడు. "రేపు సభలో వచ్చి, తప్పయింది అని ఒక్క మాట చెప్పు. అంతే. ఇంక నువ్వు గవ్వలు ముట్టుకోనని నేను మాటిచ్చినా. లెక్క మఠం పుస్తకం చూసి ఎత్తి రాసుకుంటా."

గవ్వలు ముట్టుకోకూడదు. తులసీబాయికి చెవుల్లో ఆ మాటే మిగిలింది. తెల్లవారుజామున నడవలో కూర్చునే ఆ గంటన్నర, చంద్రుడు తన వేలికొన కింద నడిచే ఆ గంటన్నర, ఆమె బతుకులో ఆమెది అనుకున్నది అదొక్కటే.

ఆమె ఏమీ అనకముందే గోడవార కూర్చున్న కృష్ణాబాయి లేచింది. కొడుకువైపు చూడలేదు. కోడలి ముందుకు వచ్చి నిలబడింది.

"ఈ పొద్దు ఏకాదశి అని నీకు తెలుసునా?"

"తెలుసు అత్తయ్యా."

"తెలిసే వడ్డించినావా?"

కృష్ణాబాయి గొంతు పెంచలేదు. "ముప్పై ఏళ్ళు. ఒక్కటి తప్పలేదు" అని మాత్రం అని, తన మూలకు పోయి గోడకు తిరిగి పడుకుంది.

గురువారం ఇంకా మసకగా ఉండగానే నరహరి భార్యను లేపాడు. దయగానే లేపాడు, అదీ చెప్పాలి. "సభకు టైము ఉంది. నడిచిపోయి దించుకొనిరా. మనసు నిమ్మళంగా ఉంటే మాట బాగా వస్తుంది."

ఆమె బయల్దేరింది. రెండు రోజులుగా మెతుకు లేదు. ఇంట్లో అందరితో మంగళవారం పస్తు, తన లెక్కకు బుధవారం పస్తు. అడుగు వేస్తుంటే కళ్ళు తిరుగుతున్నాయి. దుబ్బగుట్ట మీద అప్పుడే వెలుగు పడుతోంది. కౌజు కూసింది. మట్టి ఎప్పటిలాగే మెత్తగా తగిలింది. అడివి ఆమెకు ఎప్పటిలాగే అన్నీ ఇచ్చింది. మొదటిసారి ఆమెకు ఆ మెత్తదనం మీదే కోపం వచ్చింది.

ఆమె మోదుగ కింద గిడ్డయ్య తుండు పరుచుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి దూరంగా జరిగాడు.

"రామ్మా. నీ సెట్టు ఈ ఏడు ఎట్లుందో సూడు. ఎండాకాలంలో గూడా పొగలు కక్కతాంది. మేకలు దగ్గరికి రావు."

నిజమే. చుట్టూ ఉన్న మోదుగలన్నిటికంటే అది రెండింతలు ఎదిగింది. కొత్త ఆకులు ఒక్కొక్కటి రెండు అరచేతులంత ఉన్నాయి. తులసీబాయి బోదె మీద అరచెయ్యి పెట్టింది. అన్నం వార్చిన గిన్నె మీద పెట్టినట్టుంది. పదకొండు ఉగాదులు అందులో ఉన్నాయి. నుదురు ఆనిస్తే ఇదీ పోయి వాటితో కలుస్తుంది. తొమ్మిదింటికి సత్రంలో నిలబడి, తప్పయింది అని చక్కగా, తియ్యగా చెప్పి వస్తుంది. ఆనించాలని ఆమెకు ఎంత అనిపించిందో చెప్పలేను. అలసిపోయిన మనిషి.

చెయ్యి పైకెత్తి ఒక కొమ్మ వంచి ఆకు తుంచింది.

"అమ్మా, ఆ ఆకులు కోయగూడదు" అన్నాడు గిడ్డయ్య కంగారుగా.

"తెలుసు గిడ్డయ్యా."

ఏడు ఆకులు కోసింది. నాలుగడుగులు వేసి, పక్కనే ఉన్న ముసలి మోదుగ దగ్గర ఆగింది. అది అత్తది. దానివీ ఏడు కోసింది. ఒళ్ళో వేసుకుని, కాలుతుంటే కొంగు మడత పెట్టుకుని, ఇంటికి వచ్చింది.

స్నానం చేసి, పెసరపప్పు, అన్నం వండి, దేవుడికి చూపించి, చీపురు పుల్లలతో ఆకులు కుట్టి కూర్చుంది. ఆమె లెక్కకు ద్వాదశి ఆ రోజే, పారణ ఆ రోజే. అన్నం ఆకులో పడగానే కుతకుతమంది. మొదటి ముద్దలో ఆ మాఘమాసం వచ్చింది, ఏడు కొట్టేసి వేసిన ఐదు వచ్చింది. రెండో ముద్దలో, జ్వరంతో మంచం మీద పడుకుని గవ్వలు పరిచిన ఏడు వచ్చింది. అధికమాసం ఏ నెలలో పడుతుందో ఆమె తేల్చితే, మీ తండ్రిని మించినారు అని పెద్దలు నరహరిని మెచ్చుకున్న ఏడు, అదే రోజు పప్పులో ఉప్పు లేదని ఆయన కంచం తోసేసిన ఏడు, ముద్దకొకటి వచ్చాయి. ఆమె ఒక్క మెతుకు వదలకుండా తిన్నది. ముఖం ఎర్రబడలేదు. కడుపు నిండింది, అంతే.

కృష్ణాబాయి మూలనుంచి చూస్తూ ఉంది. "నీ చెట్టు ఆకులేనా?" అంది.

"అవును."

"నాకెందుకు తేలేదే?" అంది.

"తెచ్చినా అత్తయ్యా. మీ చెట్టువే."

ముసలామె ఆ ఆకులను చూసి తల ఊపింది. "ప్రాయశ్చిత్తం అయ్యేదాకా నేను నీళ్ళు ముట్టను. తడిగుడ్డలో చుట్టి పెట్టు, వాడిపోకుండా."

సత్రంలో చాపల మీద పదిహేనుమంది పెద్దలు. నడుమ వెంకటరామయ్య. గుమ్మం దగ్గర దామోదరం శెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నరహరి గొంతు సవరించుకుని, "చెప్పు" అన్నాడు భార్యతో.

తులసీబాయి స్తంభం పక్కన నిలబడలేదు. నడిమికి వచ్చింది.

"తప్పయింది" అంది. నరహరి ఊపిరి వదిలాడు. "ఏకాదశి అని తెలిసీ మా అత్తకు నేను వడ్డించినా. ఆ తప్పు నాది. ఏ ప్రాయశ్చిత్తం చెప్పినా చేస్తా. లెక్క తప్పు మాత్రం నాది కాదు."

కింద కూర్చుని సుద్దతో గళ్ళు గీసింది. సంచి విప్పి గవ్వలు పరిచింది. ఒక్కొక్క వరుసా పైకి చెప్తూ పోయింది. గొంతు పెద్దది కాలేదు. అయినా సత్రం బండలు వెచ్చబడ్డాయి. పెద్దలు ఒక్కొక్కరే కాళ్ళు ముడుచుకున్నారు. ఒకాయన చాప రెండు మడతలు వేసుకున్నాడు. కడపటి గవ్వ పెట్టేసరికి విసనకర్రలు ఆడుతున్నాయి.

"యాభై ఏడు" అన్నాడు వెంకటరామయ్య, తన కాగితం చూసుకుని. "ఇదే సరి. పుస్తకంలో యాభై ఐదు ఎట్లా అయింది నరహరీ?"

"ఇప్పుడు ఆమె సరిగ్గా వేసింది. అప్పుడు తప్పు వేసింది" అన్నాడు నరహరి.

"అయితే మీరు ఒకసారి వేసి చూపించండి" అంది తులసీబాయి. "అట్ట మీద ఉన్నది మీ పేరే కదా." గవ్వలన్నీ చెరిపి ఆయన ముందుకు నెట్టింది.

నరహరి వంగి ఒక వరుస పెట్టాడు. గవ్వ చురుక్కుమంటే చెయ్యి విదిలించుకున్నాడు. రెండో వరుస పెట్టాడు. మూడో వరుస దగ్గర ఆగిపోయాడు.

దామోదరం శెట్టి కల్పించుకున్నాడు. "అమ్మా, ఇంటి సంగతి ఇంట్లో చూసుకోండి. ఇంత కోపం ఎందుకు?"

"శెట్టిగారూ, కొత్త మేడ గడప రెండు జానలు జరపమంటే మీరు జరుపుతారా? మా చంద్రుణ్ణి జరపమంటిరి."

శెట్టి చూపు దించుకున్నాడు. నరహరి చెమట తుడుచుకుంటూ, "నాకు తల నొస్తాంది. ఈమె ముందర నేను..." అని ఏదో అనబోయాడు. గొంతు లేస్తోంది. ఇంట్లో లేచే గొంతే.

"పొద్దు ఇంకా ఉంది" అంది తులసీబాయి. "అడివికి పోయి దించుకొని రండి."

వెంకటరామయ్యకు దగ్గు వచ్చింది, లేకపోతే నవ్వే అయి ఉంటుంది.

తర్వాత న్యాయం జరిగిందనుకుంటున్నారా? మూడువందల మందికీ ప్రాయశ్చిత్తం చెప్పారు. నరహరిని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆదోని పెద్దల్లో ఒకాయన, "ఆడమనిషి లెక్క వేసిన పంచాంగం అంటే జనం ఏమనుకుంటారు? ఈ మాట సత్రం గడప దాటకూడదు" అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. కాలుతున్న బండల మీద కూర్చుని కూడా ఊపారు.

"అట్లయితే నేను దాటిస్తా" అన్నాడు వెంకటరామయ్య. తులసీబాయి వైపు తిరిగి, "అమ్మా, వచ్చే ఏటి లెక్క నాకు పంపు. ఎమ్మిగనూరులో అచ్చు వేయిస్తా. నీ పేరుతో" అన్నాడు.

కృష్ణాబాయి ప్రాయశ్చిత్తం ముగించుకుని, మరునాడు మధ్యాహ్నం తడిగుడ్డలోంచి ఆకులు తీయించుకుని భోంచేసింది. యాభై ఏళ్ళ పైబడిన చెట్టు అది. ఆ సాయంత్రం ఆమె కొడుకుతో మాట్లాడిన మాటలు వీధి వీధంతా విన్నది. ఇక్కడ రాస్తే బాగుండదు. అప్పటినుంచి పాలు కాచేది నరహరే.

మరుసటి ఉగాదికి పంచాంగం ఎమ్మిగనూరునుంచి వచ్చింది. పల్చటి పసుపు అట్ట. 'గణితం: తులసీబాయి.' కొన్ని ఇళ్ళవాళ్ళు గుమ్మంలోనుంచే తిప్పి పంపారు. కొన్ని ఇళ్ళలో అట్ట చింపేసి లోపలిది దూలానికి కట్టుకున్నారు. కొన్ని ఇళ్ళలో అట్టతోనే కట్టుకున్నారు.

ఆ వారంలోనే ఒక పొద్దున తులసీబాయి లెక్క ముగించుకుని దుబ్బగుట్టకు నడిచింది. ఎవరూ పొమ్మనలేదు. దించుకోవడానికి ఏమీ లేదు కూడా. కొత్తగా నేర్చుకున్నట్టు మెల్లగా నడిచింది. పికిలిపిట్టలు కీచులాడుకుంటుంటే ఆగి, ఎవరిది గెలుపో తేలేదాకా చూసింది. తన మోదుగకు వీపు ఆనించి కూర్చుంది. చెట్టు చెట్టులాగే చల్లగా ఉంది. చుట్టుపక్కల చెట్ల కింది కొమ్మల నిండా తుంచిన గుర్తులే, పోయిన ఏటి ఆకులన్నీ రాలకముందే కోతకు పోయాయి.

గిడ్డయ్య కంబళి కప్పుకుని వచ్చాడు. "పోయిన సలికాలం సచ్చేంత పనైందమ్మా. ఆడోళ్ళంతా వచ్చి ఎవరి సెట్టు ఆకులు వాళ్ళు కోసుకోని పోతాండారు. అడివంతా సల్లబడింది."

"ఊరెట్లుంది?"

"ఊరు కాలతాంది తల్లీ" అన్నాడు గిడ్డయ్య, పళ్ళు బయటపెట్టి.

ఆమె ఒడిలోంచి పంచాంగం తీసింది. "ఈ ఏడు ఆరుద్రకు వాన ఉంది. విత్తనాలు సిద్ధం చేసుకోమను మీవాళ్ళను" అంది. ఇంతకుముందైతే అతనికి ఏది ఇచ్చినా రాతి మీద పెట్టి తాను జరిగేది. ఈసారి చేతికే ఇచ్చింది. గిడ్డయ్య తుండుకు చెయ్యి తుడుచుకుని అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. అతనికి చదువు రాదు.

"దీంట్లో నీ పేరు యాడుందమ్మా?"

ఆమె చూపించింది. గిడ్డయ్య ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు. చటుక్కున తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"కాలిందమ్మా!"

"కాలనీ" అంది తులసీబాయి.